అద్భుత కథయందు పాత్ర ప్రాధాన్యము: గంజాం తెలుగు కౌమార పాఠకుని దృష్టితో ఒక పరిశీలనము

అద్భుత కథలనగానే మన పెద్దలలో అనేకులకు కొంత చిన్నచూపు కలదు. మాంత్రికులు, రాక్షసులు, ఆకాశమున ఎగురు రథములు, మాటలాడు చిలుకలు, ఇవన్నియు పసిపిల్లలను నిద్రపుచ్చుటకు పనికివచ్చునే కాని సాహిత్య విచారమునకు తగినవి కావని వారి అభిప్రాయము. పండ్రెండేండ్లు దాటి, ఇంకను ఇరువది నిండని బాలబాలికలు అన్నము చల్లారుచున్నను లేవక అట్టి కథలు చదువుచుండుట చూచి, ఇది వింతలపై మోజు, వయసు వచ్చినచో దానంతటదియే పోవునని సరిపెట్టుకొందురు. ఈ వ్యాసమున నేను నిరూపింపబూనిన విషయము వేరు. వింత పాఠకుని కథ గడప వరకే తీసికొనిరాగలదు. లోనికి పిలిచి, పీట వేసి, కడవరకు కూర్చుండబెట్టునది పాత్ర. పాత్ర బలహీనమైనచోట ఎన్ని మాయలు కుమ్మరించినను కౌమార పాఠకుడు పుస్తకము మూసివేయును. పాత్ర నిలిచినచోట ఒక్క చిన్న మాయతోనే రాత్రి యంతయు మేల్కొనును.

ఈ చర్చ గంజాం సీమలోని తెలుగువారికి తక్కినవారికంటె ఎక్కువ అవసరము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో నున్న గంజాం జిల్లాలో అధిక భాగము అందు చేరినది. నాటినుండి బరంపురపు తెలుగు కుటుంబమునకు భాష ఒక యింటి సొత్తుగా మాత్రమే మిగిలినది. బిడ్డ ఇంట తెలుగు మాటలాడును, వీధిలో ఒడియా మాటలాడును, బడిలో ఒడియాయో ఇంగ్లీషో చదువును. మాట నిలిచినది, లిపి జారిపోవుచున్నది. మాతృభాషను గౌరవింపుమని ఎంత బోధించినను ఆ బిడ్డ బోధకు లోబడి ఒక్క పుట చదువడు. ఆ తరువాత ఏమైనదో తెలిసికొనవలెనను ఆరాటము పుట్టినచో అక్షరము అక్షరము కూడబలుకుకొనియైనను పుట చివరకు పోవును. కావున ఆ ఆరాటము దేనివలన పుట్టునను ప్రశ్న మనకు కేవల వినోద విషయము కాదు.

ఈ వయసువారికి ప్రత్యేక సాహిత్యమను భావము పాశ్చాత్యులలోను మిక్కిలి పాతది కాదు. అమెరికా గ్రంథాలయ సంఘము కౌమార పాఠకుల సేవకు వేరు విభాగమును 1957లో నెలకొల్పినది. ఎస్. ఇ. హింటన్ రచించిన ది ఔట్‌సైడర్స్ నవల 1967లో వెలువడినప్పుడు ఆ రచయిత్రికే ఇరువదియేండ్లు నిండలేదు. అటుపిమ్మట ఆ దేశమున ఈ శాఖ వేగముగా పెరిగినది. తెలుగున అట్టి విభాగము పేరు పెట్టుకొని ఏర్పడలేదు. బాలసాహిత్యమునకును ప్రౌఢసాహిత్యమునకును నడుమ మన బీరువాలో ఒక అర ఖాళీగా నున్నట్లు తోచును. ఐనను పేరు లేనంతమాత్రమున వస్తువు లేదనరాదు. ఆ వస్తువు మనకు మజిలీ కథలలోను, జముకుల కథలలోను, వీధి నాటకములలోను, నెలనెల వచ్చు పత్రికలోను చెదరి యున్నది.

మొదట మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను చూతము. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు తోడు కొరకు వెదకుచుండగా గోపుడను పశువుల కాపరి వెంట వచ్చుటకు ఒప్పుకొనును. వాడు కోరిన కూలి ఒక్కటే. దారిలో తనకు కనబడిన వింతను గూర్చి అడిగినప్పుడెల్ల కథ చెప్పవలెను. చెప్పనిచో అడుగు ముందుకు వేయడు. మజిలీ మజిలీకి ఒక వింత, వింత వెనుక ఒక కథ. పండ్రెండు భాగములుగా సాగిన ఈ మహాగ్రంథమునకు ఆ గోపుని మొండితనమే ఇరుసు. మనము గమనింపవలసినది వాని ప్రశ్న యొక్క స్వభావము. గోపుని కన్ను వింతను చూచును. వాని నోరు మనుష్యుని గూర్చి అడుగును: ఇక్కడ ఎవరుండిరి, వారికి ఏమి జరిగినది, ఎందుకట్లు చేసిరి? వింతను చూచుట క్షణకాలపు పని. ఎందుకట్లు చేసిరను ప్రశ్నకు సమాధానము వినుటకు కాశివరకు నడువవలసివచ్చినది. తెలుగు సాహిత్యమున కౌమార శ్రోత యొక్క తొలి చిత్తరువులలో గోపుడొకడని నా భావన.

ఇక బాలనాగమ్మ కథ. బుర్రకథగా తెలుగునాడంతట, జముకుల కథగా ఉత్తరాంధ్రమున ఇది ప్రసిద్ధము. 1942లో జెమినీవారు దీనిని చలనచిత్రముగా తీసిరి. మాయల ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల అవతల నున్న చిలుకలో దాగియుండుట ఇందలి ప్రధానమైన వింత. కాని ఇట్టి కల్పన లోకమున అనేక జాతుల కథలలో కలదు. రష్యావారి కొశ్చేయి ప్రాణము సూది మొనలో నుండును, ఆ సూది గ్రుడ్డులో నుండును. చిలుక ఒక్కటియే ఆకర్షణమైనచో ఈ రెండు కథలలో ఏది విన్నను మనకు ఒక్కటే కావలెను. అట్లు కాకపోవుటకు కారణము బాలవర్ధిరాజు. తల్లి ఒడిలో పెరుగవలసిన వయసున తల్లిని వెదకుచు పోయిన పిల్లవాడు, పూలమ్ముకొను ముసలిదాని మనుమడుగా చెప్పుకొని శత్రువు కోటలో చొరబడును. అచట వానికి కావలసినది కత్తి కాదు, ఓర్పు. తల్లి కన్నులయెదుట నున్నను తన్ను తాను తొందరపడి బయటపెట్టుకొనరాదు. చిలుక మెడ విరచుట కథకు ముగింపు మాత్రమే. శ్రోత ఊపిరి బిగబట్టునది అంతకు ముందు, ఆ పిల్లవాడు తన కన్నీరు తాను దిగమ్రింగుకొన్న ఘట్టమున.

ఈ కథ నుండి మన ముంగిటనే యున్న మరియొక కౌమార నాయకుని కడకు వత్తము. గంజాం పల్లెలలో నేటికిని ప్రదర్శింపబడు ప్రహ్లాద నాటకము 19వ శతాబ్ది ఉత్తరార్ధమున జలంత్ర రాజైన రామకృష్ణ ఛోట్‌రాయ్ ఆశ్రయమున రూపొందినది. జలంత్ర నేడు శ్రీకాకుళం జిల్లాలో నున్నది. నాటకము మాత్రము గంజాంలో వేళ్లూనినది. ఒడియా నాటకమే యైనను దక్షిణదేశపు వీధిభాగవతముల పోలిక దానియందు స్పష్టము. పోతనగారి భాగవత సప్తమ స్కంధము విని పెరిగిన తెలుగువారికి అందలి కథ కొత్త కాదు. రంగస్థలముపై మెట్లు మెట్లుగా ఎత్తు కట్టియుందురు. హిరణ్యకశిపుడు ఆ మెట్లపై ఎక్కుచు దిగుచు తన దర్పమును చూపును. రాత్రి పొడుగునను ఆట సాగి, నరసింహుడు కడపట వెలువడును. ఆ ముఖమునకు పూజలు జరుగును, భక్తి పారవశ్యము కలుగును. అది ఈ నాటకమున అద్భుతమునకు శిఖరము.

ఐనను ఆ శిఖరము వచ్చువరకు గంటలకొలది ప్రేక్షకుని నిలిపి యుంచునది ఏది? తండ్రికొడుకుల వాదమే. ఆ తండ్రి కేవల దుష్టుడు కాడు. కొడుకును ముద్దు చేసినవాడు, చదువుకొని వచ్చినాడని మురిసినవాడు. కొడుకు నోట తన శత్రువు పేరు వినినప్పుడు ఆ ముద్దే కోపముగా మారును. కొడుకు తండ్రిని ద్వేషింపడు, తిరస్కరించి పారిపోడు. మాట మాత్రము వినడు. తండ్రిపై ప్రేమను వదలక తండ్రి ఆజ్ఞను కాదనవలసి వచ్చుట ఎంత కష్టమో పదునైదేండ్ల పిల్లవానికి ఎవరును వివరింపనక్కరలేదు. వాడు ఇంటిలో నిత్యము అనుభవించుచున్నదే అది. స్తంభము చీల్చుకొని వచ్చు సింహము వాని జీవితమున రాదు. ప్రహ్లాదుని చిక్కు మాత్రము వచ్చును. అందుచేతనే ప్రహ్లాదుని యందు వానికి చుట్టరికము.

ప్రౌఢకావ్యములందును ఈ సత్యము కనబడును. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన కళాపూర్ణోదయమున మాయారంభ, మాయానలకూబరుడు మొదలగు వింతలు అల్లిబిల్లిగా అల్లుకొని యుండును. ఆ వింతల నడుమ శాలీనుడను సిగ్గరి యువకుని కథ యొకటి కలదు. అలంకరించుకొని వచ్చిన భార్య సుగాత్రిని కన్నెత్తి చూడలేని ఆ తోటమాలి, ఆమె నగలు తీసివేసి తోటపనికి దిగి తనతో కష్టపడినప్పుడు మనసు విప్పును. ఈ ఘట్టమున మంత్రము లేదు, మణి లేదు. ఐనను చదివినవాడు దీనిని మరువడు. గంజాం సీమలోని ఘుముసరమునకు చెందిన ఒడియా మహాకవి ఉపేంద్ర భంజుడు లావణ్యవతి కావ్యమున సింహళ రాజకుమారికిని కర్ణాట రాజకుమారునకును నడుమ ప్రేమను కల్పించినాడు. పురాణమునుండి గ్రహింపక యువతీయువకుల కథను స్వయముగా ఊహించి వ్రాయు అభిరుచి ఈ నేలకు కొత్త కాదని దీనివలన తెలియుచున్నది. తెలుగు బిడ్డకును ఒడియా బిడ్డకును ఈ విషయమున తాతల ఆస్తి ఉమ్మడిగానే కలదు.

ఆ ఉమ్మడితనము అచ్చులో కనబడినది చందమామ వలన. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డిగారలు మద్రాసునుండి తెలుగునను తమిళమునను ఈ పత్రికను ప్రారంభించిరి. తరువాత అనేక భాషలలో వెలువడిన ఆ పత్రికకు 1956లో ఒడియా రూపము జహ్నమాము పేరుతో వచ్చినది. అన్ని భాషలలోను కథలును బొమ్మలును ఒక్కటియే. బరంపురములో ఒకే వీధియందు ఒకడు తెలుగు లిపిలోను, వాని స్నేహితుడు ఒడియా లిపిలోను ఒకే వీరుని ఆపదను చదివి, మరునాడు కలిసికొని ముచ్చటించుకొనుటకు వీలు కలిగినది. ఇట్టి భాగ్యము ఏకభాషా పట్టణములలోని బాలునకు లేదు.

చందమామ ధారావాహికలలో దాసరి సుబ్రహ్మణ్యంగారి రచనలు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. 1954లో మొదలైన తోకచుక్క మొదలుకొని మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు వరకు ఆయన రచనలు పాతికయేండ్లకు పైబడి పాఠకులను నెలనెల ఎదురుచూచునట్లు చేసినవి. తొలి ధారావాహికలకు చిత్రా వేసిన బొమ్మలు ఆ ప్రపంచమునకు రూపము నిచ్చినవి. ఇచట ఒక విశేషము కలదు. ఈ ధారావాహికలపై రచయిత పేరు అచ్చు వేయలేదు. లక్షలమంది పిల్లలు వ్రాసినదెవరో యెరుగకయే చదివిరి. 2010లో ఆయన కన్నుమూసినప్పటికిని ఆ పేరు తెలియని అభిమానులు ఎందరో యుండిరి. రచయిత పేరు తెలియని ఆ పాఠకులకు తోకచుక్కలోని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు తెలియును. ఖడ్గవర్మ, జీవదత్తుడు తెలియును. శిఖిముఖి, విక్రమకేసరి తెలియును. జయశీలుడు, సిద్ధసాధకుడు తెలియును. పాత్ర తన సృష్టికర్తను సైతము మరపించి బ్రతికినదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

పై పేర్లను మరల చూచినచో అవి జంటలు జంటలుగా నున్నట్లు తెలియును. ఇది యాదృచ్ఛికము కాదని తలంచెదను. ఒంటరి వీరుని గొప్పతనము చెప్పుటకు వర్ణన కావలెను. ఇద్దరు స్నేహితులున్నచో వారి మాటలలోనే గుణములు బయటపడును. ఒకడు తొందరపడగా మరియొకడు ఆగుమనును. ఒకడు నమ్మినదానిని ఇంకొకడు అనుమానించును. రాక్షసుడు ఎదుట నిలిచినప్పుడు పాఠకుని మనసున కలుగు ప్రశ్న రాక్షసుడు ఎంతటివాడని కాదు, వీరిలో ఎవరు ఏమి చేయుదురని. కౌమారమున మనుష్యునకు ఇంటికంటె స్నేహము పెద్ద లోకము. తనను విడిచిపెట్టని స్నేహితుడు ఒకడుండవలెనను కోరిక ఆ వయసున ఏడు నిధులకంటె గొప్పది. దాసరివారు ఆ కోరికను కనిపెట్టి కథలకు వెన్నెముకగా చేసికొనిరి.

ఐనను విమర్శకుడు మెచ్చుకోలుతో ఆగరాదు. ఈ ధారావాహికలలో రెండు కొరతలు కలవు. ఒకటి, నాయకులు మొదటి సంచికలో ఎట్లుందురో కడపటి సంచికలోను ఇంచుమించుగా అట్లే యుందురు. ఆపదలు మారును, వారు మారరు. ధైర్యము, యుక్తి, మిత్రధర్మము వారియందు ముందే కుదిరియున్నవి. రెండవది, సాహసమంతయు మగవారి పాలు. మన అద్భుత కథలో ఆడపిల్ల తరచుగా చెరలో నుండును, లేక స్వయంవరమున నుండును. బాలనాగమ్మ చెరలోను తన నిబ్బరమును విడువని ఇల్లాలే. కాని దారి నడచినవాడు కొడుకు. నేడు ఇంటింట చదువుచున్న మన ఆడపిల్లలు తమకొక దారి చూపని కథను ఎంతకాలము తమదనుకొందురు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనక పాత కథలను పునర్ముద్రించినంతమాత్రమున పని తీరదు.

పాత్ర మారుటవలన కలుగు ఆకర్షణమునకు తెలుగున చక్కని ఉదాహరణము 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రము. కె. వి. రెడ్డి దర్శకత్వమున పింగళి నాగేంద్రరావు రచించిన ఈ కథలో నాయకుడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు తోట రాముడు. మొదట వానికి ధైర్యమే కలదు, వివేకము లేదు. రాకుమారిని పెండ్లాడుటకు సంపద కావలసి నేపాళ మాంత్రికుని వెంట పోవును. ఆ మాంత్రికుడు తన్ను బలి యిచ్చుటకే తెచ్చినాడని తెలిసికొన్న వెనుక, ఎవరి మాట నమ్మవలెనో నేర్చుకొనును. కోరిన కోరిక తీర్చు ప్రతిమ చేతికి వచ్చును. సామాన్య కథ అచట ముగియును. పింగళివారు ముగింపలేదు. ప్రతిమయు, మేడయు, రాకుమారియు ఒక్కసారిగా శత్రువు చేతికి పోయిన పిమ్మట, రాముడు మరల తోటమాలి కొడుకుగా నిలిచినప్పుడే అసలు కథ మొదలగును. ఇప్పుడు వానికి మిగిలినవి తన ధైర్యము, నేర్చుకొన్న వివేకము, అంజి అను స్నేహితుడు. అవతల మాంత్రికుడు రాకుమారిని మెప్పింపవలెనను వెర్రితో తన మహిమకు మూలమైన గడ్డమునే తీసివేయించుకొనును. మాయను ఓడించినది మాయ కాదు. ఒకని గుణము నిలిచినది, ఇంకొకని దోషము కూల్చినది. ఆ చిత్రము ఇన్ని దశాబ్దములుగా తెలుగువారి మనసున నిలుచుటకు కథ మలచిన ఈ తీరు ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చును.

అదే 1951వ సంవత్సరమున ఇంగ్లండునందు జరిగిన చిన్న సంగతి యొకటి మన వాదమునకు తోడ్పడును. జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1937లో ప్రచురించిన ది హాబిట్ అను కథలో ధరించినవానిని అదృశ్యునిగా చేయు ఉంగరము కలదు. 1951 నాటి ముద్రణకు ఆయన ఒక అధ్యాయమును మార్చి వ్రాసినాడు. ఉంగరము అట్లే యున్నది. కథానాయకుడైన బిల్బో తన శత్రువును కంటికి కనబడక చంపగలిగియు, వాని దైన్యమును తలంచి జాలిపడి, దాటి దుమికి పోవుట ఆ మార్పులో వచ్చినది. ఉంగరపు మహిమను పెంచి కథను పెద్దది చేయలేదు. ఉంగరము ధరించినవాని హృదయమును పెంచి చేసినాడు.

ఉర్సులా లెగ్విన్ 1968లో రచించిన ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ మరింత లోతుగా పోయినది. గెడ్ అను బాలుడు మంత్రవిద్య నేర్చుకొనుచు, తోటివానిపై గెలువవలెనను గర్వముతో ఒక నీడను లోకములోనికి విడుచును. అది వానిని తరుమును. కొంతకాలము పారిపోయి, చివరకు వెనుదిరిగి తానే దానిని తరిమి, దానిని తన పేరుతోనే పిలుచును. తన దోషమునకు తన పేరు పెట్టుకొనగలిగిననాడు ఆ బాలుడు పురుషుడైనాడు. 1997 నుండి వెలువడిన హ్యారీ పాటర్ కథలందును బడిలో నేర్పు మంత్రములకంటె, ఆ అనాథ బాలుడు ఏ పక్షమున నిలువవలెనని ఎంచుకొనుటయే పాఠకులను పట్టినది. గంజాం పల్లెలోని ప్రహ్లాదుడు, ఉజ్జయిని తోట రాముడు, ఈ పాశ్చాత్య బాలురు దేశకాలములచేత ఎంత దూరస్థులైనను ఒక్క ప్రశ్నకే సమాధానము చెప్పుచున్నారు: బలము చేతికి వచ్చినప్పుడును, బలము చేజారినప్పుడును నీవెవరవు?

ఈ ప్రశ్న కౌమారమున పుట్టుట సహజము. శరీరము మారుచున్నది, గొంతు మారుచున్నది, ఇంటిలో పసివాడని ఒకప్పుడు, పెద్దవాడవైతివని ఇంకొకప్పుడు అందురు. అద్భుత కథ ఈ కలవరమునకు రూపము కల్పించును. మన గంజాం బిడ్డకు ఈ ప్రశ్న రెట్టింపు. నీవెవరవను ప్రశ్నకు నీ భాష ఏదను ప్రశ్న తోడగును. బరంపురములో రెండేండ్ల కొకసారి బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగునప్పుడు మ్రొక్కుబడి కలవారు దేవతల వేషములు, పులి వేషములు మొదలగునవి వేసికొని వీధులలో తిరుగుదురు. పిల్లలు మొదట పులిని చూచి కేరింతలు కొట్టుదురు. కొంతసేపటికి ఆ వేషములో నున్నది ఎవరు, ఏ మ్రొక్కు తీర్చుకొనుచున్నాడని అడుగుదురు. ఇది మరల గోపుని ప్రశ్నయే. వేషము కన్నులను పిలిచినది, వేషగాని మ్రొక్కు మనసును నిలిపినది.

ఈ కథలు మూఢవిశ్వాసములను పెంచునని ఆక్షేపించువారు కలరు. వారికి ఒక్క సంగతి మనవి చేసెదను. 1952 నుండి 1980లో మరణించువరకు చందమామ సంపాదకత్వమును నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు హేతువాది, మార్క్సిస్టు దృక్పథము గల రచయిత. మాంత్రికులు నిండిన కథలను ఆయన చేతిమీదుగా పిల్లలకు అందించుటలో ఆయనకు వైరుధ్యము తోచలేదు. ఏలయన ఆ కథలలో మాంత్రికుడు పూజింపబడడు, ఓడింపబడును. ఓడించువాడు మన వంటి పిల్లవాడు. మంత్రమును నమ్మించు కథ వేరు, మంత్రమునకు వెరవని మనుష్యుని నమ్మించు కథ వేరు. మొదటిది హానికరము కావచ్చును. రెండవది ధైర్యమునకు పాఠము. ఈ రెంటిని వేరుచేయునది కథలోని పాత్రయే కావున, పిల్లల చేతికి పుస్తకము నిచ్చునపుడు పెద్దలు చూడవలసినది మాయలు ఎన్ని యని కాదు, ఆ మాయల నడుమ మనిషి యున్నాడా యని.

2013 నాటికి చందమామ ముద్రణ ఆగిపోయినది. నెలనెల ఎదురుచూపు నేర్పిన ఆ పాఠశాల మూతపడినది. దాసరివారి ధారావాహికలు ఆయన మరణానంతరము పుస్తకములుగా వచ్చియున్నవి. కాని పుస్తకము దొరకుట వేరు, అది చదువు అలవాటు వేరు. లిపి సరిగా రాని బిడ్డకు మొదట చెవి ద్వారా కథను అందింపవలెను. మన సంఘములు వారమునకొక సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి ఒక ధారావాహికను బిగ్గరగా చదివి, వీరుడు ఆపదలో చిక్కుకొన్నచోట ఆపి, పుస్తకమును వారియెదుటనే విడిచిపెట్టినచో చాలును. తరువాతి పుటను వారే కూడబలుకుకొందురు. జహ్నమాము చదివి పెరిగిన ఒడియా మిత్రులనుగూడ పిలిచి ఆ కథను రెండు భాషలలో చెప్పించినచో సభకు శోభ, ఊరికి మేలు.

అంతకంటె ముఖ్యమైన పని మరియొకటి కలదు. మన పిల్లలచేత తమ కథలను తమచేతనే వ్రాయింపవలెను. పరశురాముని నివాసమని ప్రసిద్ధి గల మహేంద్రగిరి మనకు కనుచూపు మేరలో నున్నది. ఋషికుల్యానది సముద్రమున కలియుచోట తాబేళ్లు వేలకొలదిగా వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. తప్తపాని యొద్ద భూమినుండి వేడినీరు ఊరును. వింతలకు ఇక్కడ కొదువ లేదు. కావలసినది ఆ ఇసుకపై నడచు ఒక మనిషి: ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాటలాడు పదునాలుగేండ్ల ఆడపిల్ల, ఒక భాష మాత్రమే తెలిసినవారెవరును తెరువలేని ద్వారమునెదుట నిలిచి, లోనికి పోవుటకు భయపడుచు, పోకుండుటకు మనసొప్పక యున్నది. ఆమె ఏమి చేయునో పెద్దలము మనము చెప్పరాదు. రాబోవు ప్రత్యేక సంచికలో నాలుగు పుటలు తెల్లగా విడిచి, ఆ కథను వ్రాసి తెమ్మని మన ఇండ్లలోని బాలబాలికలను ఆహ్వానించుట మేలని ఈ సభవారికి విన్నవించుచున్నాను.